రవాణా ప్రాజెక్టులు – గృహ కొనుగోలుదారులు: హైదరాబాదు పరిసరాలలో స్థిరాస్తి విలువలపై ప్రభావం

(పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం సమాచార వ్యాసం)

హైదరాబాద్: రాజధాని పరిసరాలలో స్థలం గానీ ఫ్లాటు గానీ అమ్మకానికి పెట్టే ప్రకటనలలో ఔటర్ రింగు రోడ్డు, మెట్రో రైలు, విమానాశ్రయం అనే మాటలలో ఏదో ఒకటి లేనిది అరుదు. రవాణా సౌకర్యం పెరిగిన చోట స్థిరాస్తి విలువ పెరుగుతుందన్నది సాధారణ అనుభవమే. అయితే ఈ పెరుగుదల ఎప్పుడు వస్తుంది, ఎంత దూరం వరకు వ్యాపిస్తుంది, ఎవరికి చెందుతుంది అన్న విషయాలలో ప్రజలలో గల అవగాహన తక్కువ. ప్రాజెక్టు ప్రకటన వెలువడిన నాటి నుండే అమ్మకపు ధరలో దాని విలువ చేరిపోతుంది. సౌకర్యం మాత్రం అనేక ఏళ్ల తరువాత అందుతుంది. ఈ మధ్య కాలపు భారాన్ని, మార్గం మారితే కలిగే నష్టాన్ని మోసేది ఎక్కువగా గృహ కొనుగోలుదారుడే. హైదరాబాదులో గత రెండు దశాబ్దాలలో చేపట్టిన ప్రాజెక్టుల అనుభవం ఆధారంగా ఈ అంశాలను వివరించడం జరుగుతోంది.

ప్రకటనకు, ప్రారంభానికి మధ్య కాలం

ఔటర్ రింగు రోడ్డు నిర్మాణం కొరకు హైదరాబాద్ గ్రోత్ కారిడార్ లిమిటెడ్ సంస్థ 2005లో ఏర్పాటైంది. గచ్చిబౌలి – శంషాబాద్ మధ్య భాగం 2008 నవంబరులో వాహనాలకు అందుబాటులోకి వచ్చింది. ఎనిమిది వరుసల 158 కిలోమీటర్ల రహదారి పూర్తి వలయంగా మారింది 2018లో, కండ్లకోయ వద్ద చివరి భాగం పూర్తి అయిన తరువాత. అంటే ఒకే ప్రాజెక్టు కింద పడమటి వైపు ఇల్లు కొన్నవారికి, ఉత్తరం వైపు కొన్నవారికి మధ్య పదేళ్ల వ్యత్యాసం ఉన్నది. పడమటి భాగం ముందుగా పూర్తి కావడం, 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభం కావడం, ఐ.టి. సంస్థలు అప్పటికే ఆ వైపున ఉండడం, ఈ మూడూ కలసి అక్కడి ధరలను ప్రభావితం చేశాయి. కనుక ఆ ప్రాంతపు ధరల పెరుగుదలను రహదారి ఒక్కదాని ఖాతాలో వేసి, తూర్పున ఘట్‌కేసర్ వైపు కూడా అదే రీతిలో పెరుగుతుందని లెక్క వేయడం సరికాదు.

ఎం.ఎం.టి.ఎస్. రైళ్ల విషయం మరింత స్పష్టమైన ఉదాహరణ. 2003 ఆగస్టు 9న ప్రారంభమైన మొదటి దశ అప్పటికే ఉన్న రైలు మార్గాల మీద నడిచింది కనుక త్వరగా వచ్చింది. రెండవ దశకు 2012-13లో మంజూరు లభించింది. మేడ్చల్, ఉందానగర్ వైపు సర్వీసులు 2023 ఏప్రిల్‌లో, ఘట్‌కేసర్ వైపు సర్వీసు 2024 మార్చిలో మొదలైనాయి. మంజూరు నాటి ప్రకటనను నమ్మి స్టేషను సమీపంలో ఇల్లు కొన్న కుటుంబంలో అప్పుడు ప్రాథమిక పాఠశాలలో చేరిన పిల్లవాడు, రైలు వచ్చే నాటికి ఇంటర్మీడియట్ వయసుకు చేరి ఉంటాడు. బ్యాంకు రుణ వాయిదాలు మాత్రం మొదటి నెల నుండే మొదలవుతాయి.

ఈ కారణంగా ప్రాజెక్టు ఏ దశలో ఉన్నదో తెలుసుకోవడం అత్యవసరం. ప్రతిపాదన, సమగ్ర ప్రాజెక్టు నివేదిక, రాష్ట్ర ప్రభుత్వ పరిపాలనా అనుమతి, కేంద్ర ఆమోదం, నిధుల సమీకరణ, భూసేకరణ, పనుల ప్రారంభం అనేవి వేర్వేరు మెట్లు. శంకుస్థాపన ఇందులో ఏ మెట్టుకూ హామీ కాదు. రాయదుర్గం నుండి నార్సింగి, అప్పా జంక్షన్, రాజేంద్రనగర్ మీదుగా శంషాబాద్ విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రో మార్గానికి 2022 డిసెంబరు 9న శంకుస్థాపన జరిగింది. 2023 డిసెంబరులో కొత్తగా ఏర్పడిన ప్రభుత్వం ఆ మార్గాన్ని నిలిపివేసి, పాతబస్తీ వైపు నుండి విమానాశ్రయానికి మెట్రోను తీసుకువెళ్లాలని నిర్ణయించింది. తదనుగుణంగా రూపొందించి 2024 నవంబరులో కేంద్రానికి పంపిన రెండవ దశ ప్రతిపాదనలో ఐదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లు ఉన్నాయి. వీటిలో విమానాశ్రయ మార్గం నాగోలు నుండి ఎల్.బి.నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా 36.8 కిలోమీటర్లు. రాయదుర్గం నుండి వచ్చే మార్గం కోకాపేట నియోపోలిస్ వద్ద ముగుస్తుంది. ఏ మార్గం మేలైనదన్నది ఈ వ్యాస విషయం కాదు. ఒకే ఏడాది వ్యవధిలో పటం మీది గీత నగరానికి ఒక పక్క నుండి మరో పక్కకు మారినదన్నది మాత్రం రికార్డు. ఆ ఏడాదిలో అప్పా జంక్షన్ సమీపంలో మెట్రో పేరు మీద గజానికి అదనంగా చెల్లించినవారికి ఆ అదనాన్ని తిరిగి అడగడానికి ఎవరూ లేరు.

మెట్రో సంస్థలకూ అదే లెక్క

స్థిరాస్తి విలువ మీద ఆధారపడడం వ్యక్తులకే పరిమితం కాలేదు. హైదరాబాదు మెట్రో రైలు చరిత్రే ఇందుకు నిదర్శనం. 2008లో జరిగిన మొదటి టెండరులో మేటాస్ నాయకత్వంలోని కన్సార్షియం ప్రభుత్వం నుండి ఆర్థిక సహాయం కోరకపోగా, ఒప్పంద కాలంలో 30,311 కోట్ల రూపాయలు తిరిగి ప్రభుత్వానికే చెల్లిస్తామని ముందుకు వచ్చింది. ప్రయాణికుల టికెట్ల మీద అంత మొత్తం రాదన్నది స్పష్టం. లెక్క అంతా స్టేషన్ల చుట్టూ ఉన్న భూముల అభివృద్ధి మీదనే. ఢిల్లీ మెట్రోకు అప్పట్లో సారథ్యం వహించిన శ్రీ ఇ. శ్రీధరన్ విలువైన ప్రభుత్వ భూములను ఈ విధంగా అప్పగించడం పట్ల ప్రణాళికా సంఘానికి లేఖ రాసి అభ్యంతరం తెలిపారు. ఆర్థిక వనరుల సమీకరణ జరగనందున 2009 జూలైలో ఆ ఒప్పందం రద్దయింది.

రెండవ టెండరు పిమ్మట 2010 సెప్టెంబరు 4న ఎల్ అండ్ టి సంస్థతో ఒప్పందం కుదిరింది. ఈసారి 1,458 కోట్ల రూపాయల మేరకు ప్రభుత్వమే లోటు పూడ్చే సహాయం ఇవ్వవలసి వచ్చింది. అయినప్పటికీ ఆదాయంలో సుమారు సగం మాత్రమే టికెట్ల ద్వారా, 45 శాతం స్థిరాస్తి అభివృద్ధి ద్వారా, మిగిలినది వాణిజ్య ప్రకటనల ద్వారా వస్తుందన్న అంచనా మీదనే ప్రాజెక్టు నిర్మితమైంది. ఇందుకు 269 ఎకరాలలో 1.85 కోట్ల చదరపు అడుగుల నిర్మాణానికి హక్కు కల్పించారు. తరువాతి కాలంలో పూర్తి అయినది ఇందులో కొంత భాగమే. ఇంతటి నిపుణులు, బ్యాంకులు, న్యాయ సలహాదారులు గల సంస్థల లెక్క కూడా తప్పే అవకాశం ఉన్నదంటే, సాధారణ కొనుగోలుదారుడు వేసుకునే అంచనాకు ఎంత జాగ్రత్త అవసరమో గ్రహించవచ్చు.

2017 నవంబరు 28న నాగోలు – అమీర్‌పేట – మియాపూర్ మధ్య 30 కిలోమీటర్లతో మొదలై, 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ – మహాత్మా గాంధీ బస్ స్టేషన్ మార్గంతో మొదటి దశ 69 కిలోమీటర్లకు చేరింది. ఆ మూడవ మార్గం ఒప్పందం ప్రకారం ఫలక్‌నుమా వరకు వెళ్లవలసి ఉన్నది. ఆ చివరి ఐదున్నర కిలోమీటర్ల పొడవునా ఇళ్ల యజమానులు దశాబ్దానికి పైగా అనిశ్చితిలో గడిపారు. రోడ్డు విస్తరణలో ఎంత భాగం పోతుందో తెలియని ఇంటిని మరమ్మతు చేయించడానికి మనసు రాదు, అమ్మడానికి తగిన ధర పలకదు. 2024 మార్చి 8న ఈ మార్గానికి శంకుస్థాపన జరగగా, తరువాత దానిని చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్లకు పొడిగించారు. ఆస్తులు కోల్పోయేవారికి చదరపు గజానికి 81,000 రూపాయల చొప్పున పరిహారం నిర్ణయించి, 2025 జనవరిలో చెక్కుల పంపిణీ ప్రారంభించడం జరిగింది. స్థిరాస్తి వార్తలలో పెరిగిన ధరలకు దొరికే చోటు ఇటువంటి స్తంభించిన ధరలకు దొరకదు.

దగ్గరగా ఉండడం వేరు, చేరుకోగలగడం వేరు

ఔటర్ రింగు రోడ్డు నియంత్రిత ప్రవేశ రహదారి. ఇంటర్‌చేంజ్‌ల వద్ద తప్ప వాహనం ఎక్కడానికి గానీ దిగడానికి గానీ వీలులేదు. ఇంటి మేడ మీద నుండి రహదారి కనిపిస్తున్నంత మాత్రాన దానిని వాడుకోగలమని కాదు. రెండు ఇంటర్‌చేంజ్‌ల మధ్యన ఉన్న లేఅవుటు నివాసి సర్వీసు రోడ్డు వెంట కొన్ని కిలోమీటర్లు పోయి రహదారి ఎక్కవలసి ఉంటుంది. సర్వీసు రోడ్డు ఎక్కడైనా తెగి ఉంటే దూరం ఇంకా పెరుగుతుంది. నార్సింగి వద్ద 2023 జూలైలో కొత్త ఇంటర్‌చేంజ్ ప్రారంభం కావడంతో అక్కడివారికి కలిగిన సౌలభ్యం గమనిస్తే, అంతవరకు రహదారి పక్కనే ఉండి కూడా వారు ఎంత దూరంగా ఉన్నారో అర్థమవుతుంది. టోలు ఖర్చునూ మరువరాదు. ఈ రహదారిని 2023లో 7,380 కోట్ల రూపాయలకు ముప్పై ఏళ్ల లీజుకు ఇవ్వడం జరిగింది. రోజూ రహదారి ఎక్కి దిగే కుటుంబానికి టోలు కూడా ఇంటి ఖర్చే.

మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009 అక్టోబరులో ప్రారంభమైంది. విమానాశ్రయానికి వెళ్లేవారికి అది వరం. దాని కింద అత్తాపూర్ పరిసరాలలో నివసించేవారికి ర్యాంపులు ఉన్న చోట తప్ప పై రోడ్డుతో పని లేదు. అయితే ఆ స్తంభాల సంఖ్యలే అక్కడ చిరునామాలయ్యాయి. ఫలానా పిల్లర్ నంబరు దగ్గర అంటే తపాలా పిన్ కోడు కన్నా త్వరగా ఇల్లు దొరుకుతుంది.

మెట్రో విషయంలో విలువను నిర్ణయించేది మార్గం కాదు, స్టేషను. అందులోనూ స్టేషనుకు నడిచి వెళ్లగల బాట. మొదటి దశ 69 కిలోమీటర్లలో 57 స్టేషన్లున్నాయి. పటంలో అర కిలోమీటరు దూరంలో కనిపించే ఫ్లాటుకు మధ్యలో రైల్వే పట్టాలో, నాలాయో, ప్రహరీ కట్టిన సంస్థ ఆవరణయో ఉంటే నడక దూరం మూడింతలు కావచ్చు. మార్గానికి ఆనుకొని మొదటి, రెండవ అంతస్తులలో ఉన్న ఇళ్లకు శబ్దం, వెలుతురు తగ్గడం, ఏకాంతం కోల్పోవడం వంటి ఇబ్బందులూ ఉంటాయి. ఒక వీధి వెనుకకు ఉన్న ఇల్లు రోడ్డు మీది ఇంటి కంటే నివాసానికి మేలన్నది ఇటువంటి చోట్ల తరచు కనిపించే విషయం. దుకాణానికి లెక్క ఇందుకు భిన్నం.

రోడ్డు వెడల్పుకు మరొక ప్రభావం ఉన్నది. హైదరాబాదులో భవన విస్తీర్ణ సూచికపై పరిమితిని 2006 నాటి నిబంధనలతో తొలగించారు. 2012 ఏప్రిల్ నాటి భవన నిబంధనల ప్రకారం కూడా ఎంత ఎత్తు కట్టవచ్చునన్నది స్థలం విస్తీర్ణాన్ని, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది. అందువల్ల విశాలమైన రోడ్డు పడితే స్థలం విలువ పెరిగేది ప్రయాణం సులభమైనందుకే కాదు, ఎత్తైన కట్టడానికి అనుమతి వస్తున్నందుకు కూడా. కోకాపేట నియోపోలిస్ వేలంలో 2021 జూలైలో గరిష్ఠంగా ఎకరానికి 60.2 కోట్లు, 2023 ఆగస్టులో 100.75 కోట్లు పలకడానికి ఇది ఒక ముఖ్య కారణం. బహుళ అంతస్తుల సముదాయానికి పలికిన ఆ ధరను ఆధారం చేసుకొని సమీప గ్రామంలో ముప్పై అడుగుల బాట మీది రెండు వందల గజాల స్థలానికి వెల కట్టడం అశాస్త్రీయం. అయినా వేలం జరిగిన మరునాడే అటువంటి వెలలు వినిపించడం పరిపాటి.

దస్తావేజులోని విలువ

రవాణా ప్రాజెక్టుకు భూమి ఇవ్వవలసి వచ్చినప్పుడు రిజిస్ట్రేషను పత్రంలోని అంకె ప్రాధాన్యం బయటపడుతుంది. 2014 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టంలోని 26వ సెక్షను ప్రకారం మార్కెట్ విలువను నిర్ణయించేటప్పుడు స్టాంపు చట్టం కింది విలువను, సమీపంలోని అదే తరహా భూముల సగటు అమ్మకపు ధరను పరిశీలించి ఎక్కువైన దానిని తీసుకుంటారు. అంగీకారంతో కుదిరిన మొత్తం ఉంటే దానినీ చూస్తారు. సగటు కొరకు అంతకు ముందు మూడేళ్లలో రిజిస్టరైన దస్తావేజులలో ఎక్కువ ధర చూపిన సగం పత్రాలను పరిగణిస్తారు. ఈ విలువకు సమానంగా నూరు శాతం సొలేషియం కలుపుతారు. గ్రామీణ ప్రాంతాలలో గుణకం కూడా ఉంటుంది.

ఒక ఉదాహరణ చూడవచ్చు. ఒక కాలనీలో గజం 50,000 రూపాయలకు కొని, స్టాంపు డ్యూటీ తగ్గించుకోవడానికి అందరూ 20,000గా చూపినారనుకుందాం. పట్టణ ప్రాంతంలో రోడ్డు విస్తరణ వచ్చినప్పుడు సొలేషియంతో కలిపి గజానికి 40,000 వస్తుంది. చట్టం రెట్టింపు పరిహారం ఇచ్చినా యజమాని పెట్టిన సొమ్ము తిరిగి రాదు. పత్రంలో కనిపించని డబ్బుకు పరిహారం కోరే మార్గం లేదు. బ్యాంకు రుణం కూడా పత్రంలోని విలువకే పరిమితమవుతుంది.

ఈ విషయంలో ప్రభుత్వ బాధ్యతను కూడా పేర్కొనవలసి ఉన్నది. తెలంగాణ ప్రాంతంలో 2013 ఆగస్టు తరువాత మార్కెట్ విలువల సవరణ మళ్లీ 2021 జూలైలోనే జరిగింది. 2022 ఫిబ్రవరిలో మరోసారి సవరించారు. ఔటర్ రింగు రోడ్డు వలయం పూర్తి కావడం, మెట్రో మొదటి దశ 69 కిలోమీటర్లు రావడం ఆ ఎనిమిదేళ్ల మధ్యనే జరిగాయి. క్షేత్రస్థాయి ధరకు, పుస్తకంలోని విలువకు మధ్య దూరం పెరిగిన కొద్దీ ఖజానాకు రాబడి తగ్గడమే కాదు, భూమి కోల్పోయేవారికి న్యాయంగా రావలసినదీ తగ్గుతుంది. సుమారు 340 కిలోమీటర్ల ప్రాంతీయ రింగు రోడ్డు భూసేకరణలో రైతులు వెలిబుచ్చిన అభ్యంతరాలలో మార్గం ఎంపికతో పాటు పరిహారపు లెక్కలు కూడా ప్రధానమైనవి. విలువల సవరణను భారంగా చూసే కొనుగోలుదారుడు, అదే సవరణ లేనందున నష్టపోయే రైతు ఒకే గ్రామంలో పక్కపక్కనే ఉండడం గమనించదగినది.

పెరిగిన విలువలో ప్రభుత్వ వాటా

ప్రజాధనంతో నిర్మించిన మార్గం వల్ల పెరిగిన విలువలో కొంత తిరిగి ప్రజా ఖజానాకు రావాలన్నది 2017 నాటి జాతీయ మెట్రో రైలు విధానంలోని ఒక అంశం. మహారాష్ట్రలో ముంబై, పుణె, నాగపూర్ తదితర నగరాలలో 2022 ఏప్రిల్ 1 నుండి స్టాంపు డ్యూటీతో పాటు ఒక శాతం మెట్రో సెస్ విధించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుండి పట్టణ ఆస్తి పన్నును రిజిస్ట్రేషను విలువతో ముడిపెట్టి, ఏటా 15 శాతానికి మించి పెరగకుండా పరిమితి విధించారు. అంటే రోడ్డు వల్ల విలువ పెరిగినప్పుడు, ఇల్లు అమ్మే ఉద్దేశం లేని యజమాని కూడా పన్ను రూపంలో దానికి చెల్లిస్తాడు. అద్దెకుండేవారి పరిస్థితి వేరు. వారికి ఆస్తి విలువతో సంబంధం లేదు, అద్దె పెరుగుదలతో ఉన్నది.

పరిశీలించవలసిన పత్రాలు

స్థిరాస్తి వ్యాపార ప్రకటనలపై వార్తలు రాసేవారు అడుగుతున్న ధరకు, రిజిస్టరైన ధరకు తేడా చూపడం అవసరం. మొదటిది అమ్మకందారు కోరిక. రెండవదానిలో పైన చెప్పిన లోపం ఉన్నప్పటికీ అది నమోదైన లావాదేవీ.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం 12వ సెక్షను ప్రకారం ప్రకటనలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి అడ్వాన్సు చెల్లించి నష్టపోయిన కొనుగోలుదారు పరిహారం కోరవచ్చు. ప్రాజెక్టు నుండి వైదొలగదలిస్తే వడ్డీతో సహా సొమ్ము తిరిగి పొందవచ్చు. రాతపూర్వక ఒప్పందం రిజిస్టరు కాకుండా పది శాతానికి మించి తీసుకోవడాన్ని 13వ సెక్షను నిషేధించింది. కావున బ్రోచరును, పత్రికా ప్రకటనను భద్రపరచుకోవడం మంచిది. మాటగా చెప్పిన "త్వరలో మెట్రో"కు రుజువు దొరకదు.

కొనుగోలుకు ముందు ఆ సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లోని ప్రతిపాదిత రోడ్డు కిందకు వస్తుందా, రిజిస్ట్రేషను చట్టం 22-ఎ సెక్షను కింది నిషిద్ధ జాబితాలో ఉన్నదా అన్నది చూడాలి. భూసేకరణ చట్టం 11వ సెక్షను కింద ప్రాథమిక ప్రకటన వెలువడినదా అన్నది కూడా తెలుసుకోవాలి. ఆ ప్రకటన వెలువడిన తరువాత కలెక్టరు అనుమతి లేనిదే ఆ భూమిపై లావాదేవీలు చేయరాదు. ప్రకటనను రాజపత్రంలోనే కాక రెండు దినపత్రికలలో, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషలో ప్రచురించాలి. స్థానిక సంస్థ, కలెక్టరు, తహశీల్దారు కార్యాలయాలలో కూడా అందుబాటులో ఉంచాలి. అభ్యంతరాలు తెలిపేందుకు అరవై రోజుల గడువు ఉంటుంది. జాతీయ రహదారుల చట్టం కింద జరిగే సేకరణలో ఈ గడువు 3-ఎ ప్రకటన నుండి ఇరవై ఒక్క రోజులు మాత్రమే. ఆ తరువాత 3-డి ప్రకటన వెలువడిన క్షణం నుండి భూమి కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడుతుంది. రింగు రోడ్డు మార్గంలో స్థలం కొన్నవారిలో నగరంలోనో విదేశాలలోనో నివసించేవారు అనేకులు. వారు ఆ పత్రికా ప్రకటనను చూసేసరికి ఇరవై ఒక్క రోజులు గడచిపోతాయి కనుక, జిల్లా సంచికలలో వచ్చే ఇటువంటి ప్రకటనల సారాంశాన్ని, సర్వే నంబర్లను వార్తగా కూడా ఇవ్వవలసిందిగా పాత్రికేయులను కోరడమైనది.